శనివారం ఊపిరి

ఆ శనివారం పొద్దున కూడా మారెక్క ఎప్పట్లాగే మిర్యామమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం సర్ది, తల దువ్వుతూ ఉంది. మంచం పక్కన యంత్రం గుర్రుమంటోంది. ముందుగదిలో మిర్యామమ్మ భర్త శ్మూయేలు శాలువా కప్పుకుని ప్రార్థనకు నిలబడ్డాడు.

గాంధీనగర్‌లోని ఆ ఇల్లు యూదులదని మారెక్కకు పనికి కుదిరాకే తెలిసింది. గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద బళ్ళారి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన దంపతులు. పిల్లలు లేరు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు మర్నాడు చుక్కలు పొడిచేదాకా వాళ్ళు పొయ్యి వెలిగించరు, స్విచ్ ముట్టరు. ఫ్యానూ, మిర్యామమ్మ యంత్రమూ మాత్రం ముందే వేసి ఉంచుతారు. తమ కోసం మారెక్క చేత చేయించుకోవడమూ తప్పే. కిందటివారం చీకట్లో తడుముకుంటున్నారని జాలిపడి ఆమె లైటు వేస్తే, ఆ వెలుగులో ఉండనని శ్మూయేలు వసారాలోకి వెళ్ళిపోయాడు. ఇంకోసారి ఇలా చేస్తే పనిలోకి రావద్దన్నాడు. ఆ మాటకు మిర్యామమ్మ నొచ్చుకుని వారమంతా భర్తతో ముభావంగానే ఉంది.

జడ అల్లడం పూర్తికాకముందే కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. ఫ్యాను తిరిగింది గానీ యంత్రం తిరగలేదు. దాని బటన్ మళ్ళీ నొక్కాలి. మారెక్క చెయ్యి అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయింది.

ముందుగదిలోకి పరిగెత్తింది. "అప్పా, కరెంటు పోయొచ్చినాది. స్విచ్ వేసేదా?"

ప్రార్థన మధ్యలో ఆయన మాట్లాడడు. మళ్ళీ లైటు సంగతే అనుకున్నాడేమో, కళ్ళు తెరవకుండానే వద్దని చెయ్యి ఊపాడు.

తిరిగొచ్చేసరికి మిర్యామమ్మ ఎగశ్వాస తీస్తోంది. పెదాలు నల్లబడుతున్నాయి. నొక్కితే ఈమెకు పాపం చుట్టుకుంటుందేమో, నొక్కకపోతే ప్రాణమే పోతుందేమో. మారెక్క మళ్ళీ పరిగెత్తి, పరాయి ఆడదాని చెయ్యి తగలనివ్వని ఆ మనిషిని శాలువా పట్టి లాగింది.

"అమ్మ సచ్చిపోతాండాదప్పా."

శ్మూయేలు వచ్చి చూశాడు. యంత్రం వైపు వంగబోయిన మారెక్కను ఆపి, "నువ్వు కాదు, నేనే నొక్కాలి" అంటూ తన చేత్తోనే బటన్ నొక్కాడు. యంత్రం తిరిగింది గానీ ఊపిరి కుదుటపడలేదు. పక్కింటి కొట్రేశ్‌ను ఆటో తీయమన్నాడు. భార్యను ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళకు చెప్పులైనా లేకుండా తానే ఎక్కి కూర్చున్నాడు. శనివారం ఆయన బండెక్కడం మారెక్క ఎన్నడూ చూడలేదు.

ఆసుపత్రిలో మిర్యామమ్మను లోపలికి తీసుకెళ్ళాక ఇద్దరూ బల్ల మీద కూలబడ్డారు.

"ఎందుకు నొక్కలేదు నువ్వు?" కోపంగానే అడిగాడు శ్మూయేలు.

"మీరే వద్దంటిరి కదప్పా."

"యంత్రం ఆగిందని నాకేం తెలుసు?"

"ఎట్ల తెలుస్తాది? కండ్లు తెరిచి చూడకపోతిరి." ఇన్నాళ్ళూ ఆయన ఎదుట గొంతెత్తని మారెక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. "అమ్మను సచ్చిపోనీమంటాడా మీ దేవుడు?"

ఆయన మొహం శాలువాలో దాచుకుని ఏడ్చాడు.

"అనడు. ప్రాణం మీదికొస్తే ఈ రోజును పక్కనపెట్టి తీరాలి, దగ్గరుంటే ముందు మేమే చెయ్యి వెయ్యాలి. ఎవర్నీ అడగక్కర్లేదు, ఆలస్యం చేయకూడదు. మా ధర్మం అదే చెబుతుంది. వద్దన్నవన్నీ నీకు చెప్పాను మారెక్కా. ఈ ఒక్క మాటే చెప్పలేదు."

"నాకూ చెయ్యి రాలేదప్పా," అంది మారెక్క. "నొక్కేసింటే అయిపోతుండె."

చాలాసేపటికి నర్సు బయటికొచ్చి, ఊపిరి నిలబడిందని చెప్పి ఇద్దర్నీ రమ్మంది. మిర్యామమ్మ మాస్కులోంచే భర్తను, దుమ్ముపట్టిన ఆయన పాదాలను చూసింది. శనివారమని కూడా చూడకుండా తన కోసం బండెక్కి వచ్చాడని ఆమెకు అర్థమైంది. కళ్ళు నిండాయి. మెల్లగా చెయ్యి చాచి మారెక్క చెయ్యి పట్టుకుంది.

"ఇంకోసారి నన్ను అడగొద్దు," అన్నాడు శ్మూయేలు మారెక్కతో. "నేను వద్దన్నా వినొద్దు."

మారెక్క తలూపింది. కళ్ళు తుడుచుకుందామంటే, మిర్యామమ్మ ఆ చెయ్యి వదల్లేదు.