తొమ్మిదో వాకిలి

జంగమగెడ్డలో నీళ్లు పగలు కొండెక్కుతాయి, సాయంత్రం దిగుతాయి. 2087లో అది ఎవరికీ వింత కాదు. ఉదయం తొమ్మిదిన్నరకు సౌర పలకల కరెంటు వాడకానికి మించి మిగలడం మొదలవుతుంది. ఆ మిగులుతో పంపులు కింది జలాశయంలోని నీటిని నాలుగు వందల పది మీటర్ల ఎత్తునున్న పై జలాశయానికి తోస్తాయి. సాయంత్రం అయిదుకు అదే నీరు సొరంగంలోంచి దిగి టర్బైన్లను తిప్పుతుంది. మూడు జిల్లాల రైళ్లు, ఆస్పత్రులు, వంటిళ్లు దాని మీద నడుస్తాయి. కాలనీలో జనం గడియారం చూడరు. "నీళ్లు దిగినాయి, ఎసరు పెట్టాల" అనుకుంటారు.

నీళ్లను ఎక్కించి దించేది సారం అనే యంత్రం. కేంద్రంలో కదిలేవి, మారేవి రెండు కోట్ల నలభై లక్షలు ఉన్నాయి: సొరంగంలో ప్రతి అడుగు దగ్గర నీటి ఒత్తిడి, ప్రతి గేటు కోణం, ప్రతి బేరింగు వేడి. గణితంలో వీటిని చరరాశులు అంటారు. అన్నిటినీ ఒకసారి గుణించి తేల్చడానికి తొమ్మిది గంటలు పడుతుంది. గేటు కదపాలా వద్దా అన్నది సెకనులో అయిదో వంతులో తేలాలి. అందుకని అన్ని చరరాశులనూ అరవైకో డెబ్బైకో కుదించిన నమూనా కావాలి.

కుదించడం పాత విద్యే. పాత పద్ధతుల్లో ఒక లోపం ఉండేది. అంకెలు సరిపోయేవి, శక్తి సరిపోయేది కాదు. ఎవరూ పెట్టని శక్తిని కాగితం మీది సొరంగం బయటికి ఇచ్చేది. మామూలు రోజున అది కనబడదు. కనబడే రోజున గేట్లు ఆ కాగితం మాటే వింటాయి.

ఇప్పటి నియంత్రణ విభాగం అధిపతి గౌరీశ్వరి కనిపెట్టిన పద్ధతిలో మూడు విషయాలు తెగవు. మొదటిది నిల్వ, అంటే లోపల దాగి ఉన్న శక్తి. రెండోది అరుగుదల, రాపిడిలో వేడిగా పోయేది. మూడోది వాకిలి, ఒక భాగం మరో భాగానికి శక్తిని ఇచ్చి పుచ్చుకునే చోటు. ఎంత కుదించినా ఈ మూడూ ఉంటాయి కాబట్టి లోపలికి వెళ్లినదానికన్నా ఎక్కువ బయటికి రాదు. ఇప్పుడు దేశంలోని వంతెనలు, విమానాలు, గుండె పంపులు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి. కొత్త ఇంజనీర్లు చేరినప్పుడు ఆమె మొదటి పాఠంలో ఒక మాట చెప్పేది. "వాకిలి మూసినంత మాత్రాన దాని వెనక ఉన్నది పోదు. ఇంకో చోట తన్నుకొస్తుంది."

ఆమె ఆ పాఠం నేర్చుకున్నది 2068లో.

అప్పట్లో నియంత్రణ విభాగం అధిపతి కూర్మనాథ్. వయసు నలభై నాలుగు. పాత పద్ధతిలో ఆయన కట్టిన నమూనాకు అరవై నాలుగు చరరాశులు కావలసి వచ్చాయి. ఆనాటి ప్రాసెసర్‌లో అరవై పడతాయి. ప్రారంభోత్సవానికి పదకొండు రోజులు ఉంది. ఆయన నాలుగు తీసేశాడు. అవి నాలుగో ఊపిరి బావివి.

సొరంగంలో నీరు హఠాత్తుగా ఆగితే పైకి ఎక్కడానికి ఒక దారి ఉండాలి. లేకపోతే గోడలు పగులుతాయి. ఆ దారినే ఇంజనీర్లు సర్జ్ షాఫ్ట్ అంటారు, పనివాళ్లు ఊపిరి బావి అంటారు. జంగమగెడ్డలో అవి నాలుగు. నాలుగోది పక్క కొమ్మ. మామూలు రోజున దాని గుండా పోయే శక్తి వెయ్యిలో నాలుగు పాళ్లు.

కేంద్రంలో మొదటినుంచీ ఒక ఆచారం ఉంది. పనిచేసే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ల ఇస్తారు. దాని అంచున గాట్లు ఉంటాయి. అతని లాకరుకు అదే తాళంచెవి. బావిలోకి దిగే మనిషి నడవాలోని బోర్డు మీద ఆ బావి మేకుకు తన బిళ్ల తగిలించి వెళ్లాలి. బిళ్ల వేలాడుతున్నంతసేపు గేట్లు కదలవు. మేకు వెనక స్విచ్ ఉంటుంది. నాలుగో బావిని నమూనాలోంచి తీసేసినప్పుడు ఆ మేకు స్విచ్ కూడా తెగిపోయింది. ఎవరూ చూసుకోలేదు.

ఆ ఏడాది జూన్ 11న సాయంత్రం ఆరూ పన్నెండుకు లైను మీద పిడుగు పడింది. ఎనిమిది సెకన్లలో గేట్లు మూసుకున్నాయి. నాలుగో బావిలో నీరు ముప్పై ఒక్క మీటర్లు లేచింది. గేటు మెకానిక్ తవిటయ్య ఆ సమయంలో నిచ్చెన మీద నిలబడి మట్టం చూపే గేజికి పట్టిన బురద గీకుతున్నాడు. శవం మూడో రోజున దొరికింది. బిళ్ల తగిలించకుండా దిగాడని, అది మానవ తప్పిదమని విచారణ నివేదిక రాసింది. కింద కూర్మనాథ్ సంతకం ఉంది.

తవిటయ్య గౌరీశ్వరికి అన్న. తండ్రి పోయాక ఆమెను చదివించినవాడు.

చనిపోయిన మనిషి లాకరును ఇంటివాళ్ల ఎదుట తెరవడం కూడా అక్కడి ఆచారమే. కూర్మనాథ్ తన మాస్టర్ తాళంతో తెరిచాడు. లోపల ఒక చొక్కా, టిఫిను క్యారేజీ, సగం అరిగిన సబ్బు, బిళ్ల ఉన్నాయి. తాళం వేయాలంటే బిళ్ల బయట ఉండాలి. వేసినవాడి చేతిలో ఉండాలి. లోపల ఉన్న బిళ్లతో ఎవరూ తాళం వేయలేరు, మాస్టర్ తాళం ఉన్నవాడు తప్ప. గౌరీశ్వరికి అప్పుడు ఇరవై ఏడేళ్లు. ఆమె కూర్మనాథ్ వైపు చూసింది. ఆయన సబ్బు వైపు చూస్తున్నాడు.

 పన్నెండో రోజు ముగిశాక ఆమె ఆయన దగ్గరికి వెళ్లి, మీ దగ్గరే పని నేర్చుకుంటాను మేస్టారూ అంది. ఆయన సంతోషించాడు.

మొదటి ఏడాదిలోనే పాత ప్రోగ్రాం చదివి ఆ నాలుగు చరరాశుల సంగతి తెలుసుకుంది. మూడో ఏట తన పద్ధతి కనిపెట్టింది. దానితో నాలుగో బావి, దాని మేకు స్విచ్ మళ్లీ నమూనాలోకి వచ్చాయి. ఆయన చేయి పట్టి నేర్పాడు, పేపర్ల మీద ఆమె పేరే ముందు వేయించాడు. ఆయన మంచితనం ఆమె లోపలి నిల్వను తగ్గించలేదు.

2086లో గౌరీశ్వరి సారాన్ని రెండో పనికి వాడడం మొదలుపెట్టింది. మనిషి కూడా శక్తితో నడిచేవాడే. పొగడ్త, అవమానం, తిండి, నిద్ర లోపలికి వెళ్తాయి. కొంత నిల్వ ఉంటుంది, కొంత అరుగుతుంది, మిగిలింది మాటగానో పనిగానో బయటికి వస్తుంది. పరీక్ష కోసం ముందు తన నమూనా తానే కట్టించుకుంది. కేంద్రంలో రికార్డయిన పద్దెనిమిదేళ్ల మాటలు, నిర్ణయాలు, నడకలు సారానికి ఇచ్చింది. ముప్పై ఏడు చరరాశులకు కుదిరింది. మూడు నెలలపాటు ఆమె ఏం మాట్లాడబోతుందో సారం ముందుగానే రాసి పెట్టింది. తప్పు పోలేదు.

తరువాత కూర్మనాథ్. అప్పటికి ఆయన సలహాదారు, అరవై రెండేళ్లు, రోజూ వచ్చేవాడు. నలభై ఒక్క చరరాశులు, తొమ్మిది వాకిళ్లు. ఆమె సారానికి లక్ష్యం చెప్పింది. లోడ్ తెంపే పరీక్ష, అంటే లైను ఒక్కసారిగా తెంపి గేట్లు మూసి చూడడం, ఏటా ఒకసారి జరుగుతుంది; ఈసారి ఫిబ్రవరి 17 సాయంత్రం ఆరింటికి. ఆ రోజున, అంతకు కాస్త ముందు, ఆయన తనంతట తాను నాలుగో బావి నిచ్చెన మీద ఉండాలి. ఎందుకని సారం అడగలేదు. అడగడం దాని పని కాదు.

"తొమ్మిదో వాకిలి ఆయన కూతురు వారుణి," అంది సారం. "కాకినాడలో వంతెనల కంపనాలు కొలిచే ఉద్యోగం. నెలకు రెండు ఫోన్లు. దాని గుండా పోయే శక్తి వెయ్యిలో నాలుగు పాళ్లు. అవతల ఏముందో నా దగ్గర లేదు. అది తెరిచి ఉంటే రోజు ఖాయంగా చెప్పలేను. రెండు వారాలు అటూ ఇటూ అవుతుంది."

"మూసెయ్."

"వాకిలి మూయకూడదన్నది మీ మొదటి నియమం."

"పెట్టింది నేనే కదా. మూసెయ్."

సంతకం కావాలంది సారం. ఆమె వేలిముద్ర వేసింది. వెయ్యిలో నాలుగు పాళ్లు అన్న అంకె ఆమె ఇంతకుముందు ఒకసారి చూసింది. అది గుర్తు రాలేదు.

సారం రోజు ఖాయం చేసింది. సాయంత్రం అయిదూ నలభై. అక్కడికి చేరడానికి ఏడు నెలల్లో వేయాల్సిన ముప్పై మూడు అడుగులు ఇచ్చింది. ఏ ఒక్కటీ నేరం కాదు. జూలైలో ఆయన కుర్చీ మీటింగు బల్ల చివరికి మారింది. ఆగస్టులో ఆయన తప్పని కొట్టేసిన ఒక లెక్కను కుర్ర ఇంజనీర్ల ఎదుట గౌరీశ్వరి ఒప్పుగా తేల్చి చూపింది. నవంబరులో పరీక్షల నోటీసులు అందుకునే జాబితాలోంచి ఆయన పేరు పోయింది. జనవరి నుంచి నాలుగో బావి గేజి రోజువారీ పత్రంలో రెండంగుళాలు తేడా చూపడం మొదలుపెట్టింది. కళ్లతో చూడనిదే ఏ గేజినీ నమ్మనని ఆయన జీవితమంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ తేడా గురించి ఆయన ఎత్తినప్పుడల్లా కుర్రాళ్లు, సారం చూసుకుంటుంది లెండి సార్ అన్నారు.

ఫిబ్రవరి 17న అయిదూ ముప్పై ఎనిమిదికి కూర్మనాథ్ నడవాలోకి వచ్చాడు. చేతిలో టార్చి, భుజం మీద తువ్వాలు. బోర్డు మీద నాలుగో మేకుకు బిళ్ల తగిలించాడు. గౌరీశ్వరి నియంత్రణ గది గుమ్మంలో ఉంది. పరీక్ష కోసం మిగతావాళ్లను యంత్రాల హాలుకు పంపేసింది.

"ఏటమ్మా గౌరీ, రెండంగుళాలంటే మీ కుర్రోళ్లకి లెక్కలేదేటి? ముసిలోడి చాదస్తం అంటన్నారంట."

"మీరు చూసి చెప్తే వింటారు మేస్టారూ."

"ఇంటారో లేదో. నా తృప్తికి నాను చూసుకోవాల." ఆయన రెండడుగులు వేసి ఆగాడు. "ఈ బావిలోకి పంతొమ్మిదేళ్లయింది నాను దిగి. మీ అన్న పోయిన కాడ్నుంచీ దిగలేదు."

 ఆయన ఇంకేదో చెప్పబోయి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పైన నువ్వున్నావు కదా. మరి బయమేటి."

"వెళ్లి రండి మేస్టారూ."

అయిదూ యాభై ఆరుకు ఆమె నాలుగో మేకు నుంచి బిళ్ల తీసింది.

"నాలుగో బావిలో మనిషి బయటికి వచ్చాడా?" అని సారం అడిగింది.

"వచ్చాడు."

ఆరింటికి పరీక్ష జరిగింది. గేట్లు ఎనిమిది సెకన్లలో మూసుకున్నాయి. నాలుగో బావిలో నీరు ముప్పై ఒక్క మీటర్లు లేచింది. నమూనాకూ జరిగినదానికీ తేడా లేదని సారం తెర మీద రాసింది. గౌరీశ్వరి లాకర్ల గదికి వెళ్లింది. మాస్టర్ తాళంతో కూర్మనాథ్ లాకరు తెరిచి, బిళ్ల లోపల పెట్టి, తాళం వేసింది. బిళ్లను ఏట్లో పారేయవచ్చు. అన్న బిళ్లను ఆయన ఎక్కడ పెట్టాడో ఆయనదీ అక్కడే పెట్టాలని ఆమె పంతొమ్మిదేళ్ల కిందటే అనుకుంది.

విచారణ మూడు రోజులు నడిచింది. ఒకసారి దిగి పైకొచ్చి బిళ్ల తీసుకున్నాడని, టార్చి మరిచిపోయో మరెందుకో బిళ్ల తగిలించకుండా రెండోసారి దిగాడని నివేదిక రాసింది. మానవ తప్పిదం. గౌరీశ్వరి సంతకం చేసింది. మనుషుల నమూనాల గురించి సారాన్ని ఎవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు అది జవాబు చెప్పదు.

లాకరు తెరవడానికి కూతురు వచ్చింది. వారుణికి ఇరవై ఆరేళ్లు. గౌరీశ్వరి తాళం తీసింది. లోపల కళ్లజోడు పెట్టె, మజ్జిగ సీసా, ఒక పాత డైరీ, బిళ్ల ఉన్నాయి. వారుణి బిళ్ల చేతిలోకి తీసుకుంది. అంచున గాట్లను వేలితో తడిమింది. లాకరు తలుపుకున్న తాళం రంధ్రం వైపు చూసింది. బిళ్లను అందులో పెట్టి తిప్పింది. గడియ పడింది. మళ్లీ తిప్పింది. గడియ లేచింది. అప్పుడు తలెత్తి గౌరీశ్వరి వైపు చూసింది.

గౌరీశ్వరి మజ్జిగ సీసా వైపు చూస్తోంది.

 పన్నెండో రోజు ముగిశాక వారుణి మళ్లీ వచ్చింది. కాకినాడ ఉద్యోగం మానేశానంది.

"నాన్న చేసిన చోటే చేయాలనుంది. మీ దగ్గరే పని నేర్చుకుంటాను మేడం."

అర్హతలన్నీ ఉన్నాయి. కాదంటే కారణం కాగితం మీద రాయాలి. గౌరీశ్వరి చాలాసేపు కాగితం పట్టుకుని కూర్చుని, సంతకం చేసింది.

ఆ పిల్ల వెళ్లాక సారాన్ని పిలిచింది.

"తొమ్మిదో వాకిలి తెరువు. వారుణి నమూనా కట్టాలి. ఎన్నాళ్లు పడుతుంది?"

"కొత్తగా కట్టక్కర్లేదు," అంది సారం. "ఇంటర్వ్యూలో ఆమె మాట్లాడింది పోల్చి చూశాను. సరిపోయే నమూనా ఒకటి నా దగ్గర ఉంది. ముప్పై ఏడు చరరాశులు. మీదే. దాని ప్రకారం ఎన్నేళ్లు పడుతుందో చెప్పమంటారా?"

గౌరీశ్వరి తలెత్తింది. నియంత్రణ గది అద్దంలోంచి నడవా కనబడుతుంది. వారుణి బోర్డు ముందు నిలబడి ఉంది. ఆ ఉదయమే ఇచ్చిన కొత్త బిళ్లను నాలుగో మేకుకు తగిలించింది. తీసింది. మళ్లీ తగిలించింది. ప్రతిసారీ సారం తెర మీద చిన్న దీపం వెలిగి ఆరింది.