ఎర్రగీత తప్పిన గోళీ

డిటెక్టివ్ నూకరత్నం దగ్గరికి నగలు పోయినవాళ్లు వస్తారు, మొగుడి మీద అనుమానం ఉన్నవాళ్లు వస్తారు. చలన సమీకరణం చెడిపోయిందని వచ్చినవాడు మాత్రం ధర్మరాజు ఒక్కడే. బొత్తాలు తప్పించి పెట్టుకున్న చొక్కాతో బేగంపేట ఆఫీసులో అడుగుపెట్టి, కూర్చోమన్నా కూర్చోలేదు.

“నా ఇంట్ల ఎవడో దగా చేస్తున్నడు మేడమ్. జెర పట్టియ్యాలె.”

ఒకప్పుడు ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. న్యూటన్ చెప్పింది సగమే నిజమని ఆయన సిద్ధాంతం. కదిలే వస్తువు తాను వచ్చిన దారిని కాస్త గుర్తుపెట్టుకుంటుందట, ఆ గుర్తు దాన్ని ఇంకాస్త ముందుకు నెడుతుందట. ఆ మాట స్టాఫ్ రూములో చెబితే అందరూ నవ్వారు. ఆయన రాజీనామా పారేసి, తిరుమలగిరిలోని ఇంట్లో ఒక గదిని ప్రయోగశాల చేసుకున్నాడు. అక్కడ బల్ల మీది వాలు నుంచి ఇనుప గోళీ దొర్లుతుంది, అంచు దాటి నేల మీద పరిచిన కార్బన్ కాగితం మీద పడుతుంది, అడుగున తెల్లకాగితం మీద చుక్క పడుతుంది. ఆ తెల్లకాగితం మీద రెండు గీతలు. నీలిగీత న్యూటన్ లెక్క. గోధుమగింజంత అవతల ఎర్రగీత ధర్మరాజు లెక్క. ఏళ్లుగా చుక్క ఎర్రగీత మీదే పడింది. పోయిన నెల నుంచి నీలిగీత మీద పడుతోంది.

నూకరత్నం, అసిస్టెంటు లక్ష్మణ్ ఆ మధ్యాహ్నమే బయలుదేరారు. మేడమ్ తుమ్మినా అందులో ఒక క్లూ ఉంటుందని నమ్మే రకం లక్ష్మణ్. శ్రీకాకుళం నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో సగం జీవితం గడిపినా ఆమె ‘ఏటి’ని వదల్లేదని అతనికి అదో గర్వం.

గది శుభ్రంగా ఉంది. ఫ్యాను గాలి తగలకుండా బల్ల చుట్టూ నేల దాకా గుడ్డ కట్టాడు ధర్మరాజు. నూకరత్నం మోకాళ్ల మీద కూర్చుని గుడ్డ ఎత్తింది. బల్లవి నలుచదరపు ఇనుప కాళ్లు. వాటి కింద షాబాద్ బండ మీద మాత్రం గుండ్రటి మచ్చలున్నాయి, కాలికన్నా కాస్త పెద్దవి.

“ఏటి మాస్టారూ, బల్ల ఎత్తు ఎప్పుడు కొలిచారు?”

“చేయించిననాడు కొల్చిన. ఇనుప బల్ల మేడమ్, అదేమన్న పెరుగుతదా?”

గదిలోకి ఎవరెవరు వస్తారని అడిగితే, తుడవడానికి భార్య కల్పలత, లెక్కలు రాయడానికి కూతురు అనుపమ, అంతేనన్నాడు. పోయిన నెల మాత్రం పాత సహోద్యోగి విజయేందర్ ఇంటిదాకా వచ్చి వెళ్లాడట. దొంగ వాడేనని ధర్మరాజు ఒట్టేసి చెప్పాడు.

విజయేందర్ ఫోనులో దాచకుండా మాట్లాడాడు. అనుపమకు పుణేలో పరిశోధన సీటు వచ్చింది, సోమవారంలోగా ఒప్పుకోవాలి. ఆ పిల్లేమో తండ్రి సిద్ధాంతాన్ని పూర్తి చేస్తానని సీటు వద్దంటోంది. బుద్ధి చెబుదామని వెళ్తే ధర్మరాజు గుమ్మంలోంచే గెంటేశాడట.

అనుపమ కూడా అదే చెప్పింది. కళ్లముందు రుజువైన లెక్కను వదిలి ఎక్కడికో ఎందుకు పోవాలని ఎదురడిగింది. ఒకప్పుడు బడిలో సైన్సు టీచరుగా చేసిన కల్పలత టీ ఇచ్చి లోపలికి పోయింది.

క్యారమ్ బోర్డు కనిపిస్తే నూకరత్నం ఆగలేదు, అది ఆమె బలహీనత. అనుపమతో, లక్ష్మణ్‌తో ఆటకు కూర్చుంది. నల్ల కాయిన్ ఒకటి సరిగ్గా జారడం లేదని లక్ష్మణ్ గొణిగాడు. తిప్పి చూస్తే మధ్యలో చదరంగా నొక్కు పడి ఉంది. తన చిన్నప్పుడు నాలుగు నల్లవి పోయాయని, పోయిన నెల అటక సర్దుతుంటే అమ్మకు దొరికాయని అనుపమ చెప్పింది. నూకరత్నం ఆట మధ్యలోనే లేచిపోయింది.

ఆదివారం ఉదయం అందర్నీ ఆ గదిలో కూర్చోబెట్టింది. ఆమె పిలిస్తే వచ్చిన విజయేందర్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“మాస్టారూ, గోళీ వదలండి.”

చుక్క నీలిగీత మీద పడింది. లక్ష్మణ్ బల్ల ఎత్తి ఒక్కో కాలి కింద ఒక్కో నొక్కుపడ్డ కాయిన్ పెట్టాడు. అవి బండ మీది మచ్చల్లో సరిగ్గా కూర్చున్నాయి. గోళీ మళ్లీ దొర్లింది. చుక్క ఎర్రగీత మీద పడింది.

బల్ల ఎత్తు పెరిగితే గోళీ ఎక్కువసేపు గాల్లో ఉంటుంది, ఇంకాస్త దూరం పోతుంది, అంతకుమించి ఇందులో ఏ రహస్యమూ లేదని నూకరత్నం మెల్లగా వివరించింది. బల్లను కొలిచినాయన నేల నుంచి మళ్లీ కొలవలేదు. గుడ్డ ఎత్తి తుడిచేది ఒక్కరే. పోయిన కాయిన్లు దొరికింది ఆ ఒక్కరికే, అదీ గోళీ గీత తప్పిన నెలలోనే.

“దగా పోయిన నెల మొదలవలేదు మాస్టారూ. పోయిన నెల ఆగింది.”

కల్పలత కొంగుతో మొహం తుడుచుకుంది. “కాలేజీల నవ్విన్రని అన్నం మానేసిండు అక్కా. ఆ చుక్క గీత మీద పడకుంటే సచ్చిపోతనన్నడు. ఎంత ఎత్తు కావాలెనో లెక్క చూసి, ఒక్కపూట సంతోషపడని అని కాళ్ల కింద పెట్టిన. మళ్ల తియ్యనీకి ధైర్యం రాలే. ఇప్పుడు పిల్ల సీటు ఇడుస్తనంటే తీసేసిన. చుక్క జూసి ఆయనే తెలుసుకుంటడనుకున్న.”

విజయేందర్ తల దించుకున్నాడు. అప్పుడు నవ్విన వాళ్లలో తానూ ఉన్నాడు.

ధర్మరాజు మాత్రం కాగితం మీది రెండు చుక్కలనూ చాలాసేపు చూశాడు. నూకరత్నం ఆయన ఏడుస్తాడనుకుంది. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాడు నాలుగో కాలు చూపించినవాడినే కరుస్తాడు.

“ఇంతకుముందు ఏం పెట్టలే నువ్వు. ఈ విజయేందర్‌గాడు నేర్పిన అబద్ధం చెప్తున్నవ్. నా సమీకరణం తప్పు కాదు. నువ్వు ఈ ఇంట్ల ఉండొద్దు.”

అరవకుండా, పాఠం చెప్పినంత నిదానంగా భార్యతో అన్నాడు. మేడమ్ గెలవకపోయి ఉంటే బాగుండేదని లక్ష్మణ్‌కు మొదటిసారి అనిపించింది.

కల్పలత రెండు చీరలు సంచిలో పెట్టుకుని వరండాలోకి వచ్చింది. అనుపమ వెనకే వచ్చి, పుణేకి ఇప్పుడే ఒప్పుకుంటున్నానని చెప్పింది. తల్లి తలూపింది, అది చాలన్నట్టు. తర్వాత కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది.

“నాకెందుకు చెప్పలేదమ్మా, ఇన్నేళ్లు?”

“చెప్తే నన్ను నమ్ముదువా బిడ్డా, మీ నాయిననా?”

కల్పలత చెయ్యి మెల్లగా విడిపించుకుని, ఒక ఆటో పిలవమని లక్ష్మణ్‌ను అడిగింది.