హ్వాంగ్‌షా వెదురు మొలకలు

గాంజౌ సరుకు రైళ్ల యార్డులో కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్ గూ శవం ఉదయం ఏడింటికి దొరికింది. మెడ మీద సూది దిగిన మచ్చ. చచ్చేముందు అతను పంపిన సందేశం ఒక్కటే: “పది గంటల రైలు. డిస్‌ప్రోసియం.”

ఎనిమిదింటికల్లా భద్రతా శాఖ ఏజెంట్ లాయ్ చింగ్‌షెంగ్ గుమాస్తా వేషంలో యార్డులో ఉన్నాడు. ఛీఫ్ జోంగ్ ఫోనులో రెండు ముక్కల్లో తేల్చేశాడు. క్షిపణుల అయస్కాంతాలు వేడికి పాడవకుండా కాపాడేది డిస్‌ప్రోసియం అనే ఆ లోహమే. లైసెన్స్ లేకుండా దేశం దాటకూడదు. ఈ రైలు దాటిందంటే విదేశీ ముఠాకు మూడేళ్ల సరుకు దొరికినట్టే.

“నారింజ ఏమంటోంది సార్?”

“టైల్స్ పొడి బస్తాల్లో ఉందంటోంది.”

నారింజ అంటే వెన్ రుయ్‌లాన్. పట్టు గౌను, ముత్యాల దుద్దులు, పేరుకి ఎగుమతి బ్రోకరు. ముఠాలో మన మనిషి. లాయ్ ఊరి పిల్లే, చిన్నప్పుడు అతని వీపెక్కి బడికి వెళ్లింది. ఆమెను ఈ పనిలోకి తెచ్చిందీ అతనే.

లాయ్ తనిఖీ పేరుతో బస్తాలన్నీ కోయించాడు. అన్నిట్లోనూ టైల్స్ పొడే. ముఠా తననూ మోసం చేసిందని రుయ్‌లాన్ పక్కనే నిలబడి నొచ్చుకుంది. టైము తొమ్మిది యాభై. లాయ్ నీరసంగా ఒక నీలం పీపా మీద చెయ్యి ఆన్చాడు. దాని మీది చీటీ చదివాడు. ‘హ్వాంగ్‌షా వెదురు మొలకలు, ఉప్పునీటిలో.’

హ్వాంగ్‌షా అతని ఊరే. ఈ లోహం కోసమే కొండకు బోర్లు వేసి రసాయనం పోశారు. ఇరవై ఏళ్లుగా అక్కడ గడ్డి కూడా మొలవలేదు. అక్కడి వెదురు రుచి గుర్తున్నవాళ్లు ఈ యార్డులో ఇద్దరే ఉన్నారు.

మూత తీశాడు. పైన నాలుగు ముక్కలు తేలుతున్నాయి. జేబులోంచి తండ్రి వాడిన చుక్కల సీసా తీశాడు. గని కూలీలు కొండ నీళ్లలో సరుకుందో లేదో దానితోనే చూసేవారు. ఒక్క చుక్క వేయగానే నీళ్లు విరిగిన పాలలా తెల్లబడ్డాయి. లోహం ఆ ఉప్పునీటిలోనే కరిగి ఉంది.

మెడకు చల్లగా ఉంగరం సూది తగిలింది.

“రైలు కదలనీ అన్నా,” అంది రుయ్‌లాన్.

“ఇన్‌స్పెక్టర్ గూను చంపింది నువ్వేనా?”

“మా అమ్మ ఆ రసాయనం కలిసిన బావి నీళ్లు తాగే పోయింది. కొండను చవగ్గా అమ్ముకున్నప్పుడు ఏ లైసెన్సూ అడ్డురాలేదు. ఇప్పుడది దేశసంపద అయిందా?”

“మీ అమ్మ శవపేటిక మోసినవాళ్లలో నేనూ ఉన్నాను.”

ఉంగరం ఒక్క క్షణం మెడకు ఎడమైంది. లాయ్‌కి అది చాలు. మణికట్టు తిప్పేశాడు. ఉంగరం సూది ఆమె అరచేతిలోనే దిగింది. రైలు కూత వేసింది. ఒక చేత్తో ఆమెను పట్టుకుని, రెండో చేత్తో రేడియో నొక్కి ఆపమన్నాడు. చక్రాలు అప్పటికి రెండు గజాలు దొర్లాయి.

అతని చేతిలోనే ఆమె ప్రాణం పోయింది. లాయ్‌కి ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

సాయంత్రం రిపోర్టు రాయడానికి ఛీఫ్ ఫోను చేసి, పీపాల్లో నిజంగా వెదురేమైనా ఉందా అని అడిగాడు.

“ఆ నాలుగు ముక్కలూ పక్క జిల్లావి సార్. ఊరి పేరొక్కటే అసలుది.”