మేకకు రంగు పూయరాదు

"జాతి?" అని అడిగాను తల ఎత్తకుండా.

"మేకదా, మాదా?"

తల ఎత్తాను. రేకుల పందిరి మీద వాన పడుతోంది. బల్లకు అవతల ఒక అమ్మాయి తడిసిన గొడుగు మూస్తూ, నవ్వు ఆపుకుంటూ నిలబడి ఉంది. ఆ నవ్వు నన్ను చూసే వచ్చిందని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"మేకదే," అన్నాను గంభీరంగా. గంభీరంగా అన్నాననే అనుకున్నాను. గొంతు కీచుమందని తర్వాత ఆమే చెప్పింది.

"మేకకు జాతేంది? ఆకు తింటది, పాలిస్తది. మొత్తం తెల్లగుంటది, ఒక్క నల్ల వెంట్రుక లేదు. గది రాసుకో, సెక్రెటరీ సాబ్."

"నియమం ప్రకారం జాతి రాయాలె."

"నియమాలు ఎవరు రాసిండ్రు?"

"నేనే."

"గందుకే," అంది.

ఆ యేడు, అంటే తొంభై ఒకటి శ్రావణంలో, షోలాపూర్‌లో మా తెలుగు నేతపనివాళ్ళ సంఘం జాతరకు మొదటిసారి ప్రదర్శన పెట్టారు. చద్దర్లు, చీరలు, ఊరగాయలు సరే. విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే ఆడవాళ్ళు చాలామంది మేకల్ని పెంచుతారు కాబట్టి వాటికీ ఒక పోటీ ఉండాలని అధ్యక్షుడు రామచంద్రం గారు అన్నారు. నియమాలు రాసే పని యువక మండలి సెక్రెటరీకి, అంటే వాసుదేవ్ అనబడే నాకు, అప్పజెప్పారు. నా అర్హత ఏమిటంటే, మా వాడ మొత్తంలో పొద్దంతా ఖాళీగా ఉండేవాణ్ణి నేనొక్కణ్ణే. బీ.కాం. చివరి పరీక్ష నేను రాశాను గానీ యూనివర్సిటీ ఒప్పుకోలేదు.

ఎక్కడో రైతుల జాతరకు రాసిన మరాఠీ పుస్తకం ఒకటి సంపాదించి నియమాలు తెలుగులోకి దించాను. జన్మలో మేకను పట్టుకున్నవాణ్ణి కాదు. అయినా కఠినత్వం చాలలేదనిపించిన చోటల్లా సొంతంగా కలిపాను. ఏడో నియమం పూర్తిగా నాదే. జంతువుకు రంగు పూయరాదు. అనుమానం వస్తే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడాలి. పూసినట్టు తేలితే పూసినవాళ్ళ పేరు మైకులో చదివి, మూడేళ్ళు ప్రదర్శనలోకి రానివ్వకూడదు. పన్నెండోది, ఆఖరిది: జడ్జి తీర్పే అంతిమం. అన్నీ పెద్దక్షరాలతో రాసి, పందిరి పక్కనే మైదానం గోడకు అంటించాను.

"మేకకు రంగు ఎవడేస్తడు రా?" అన్నాడు మా బాపు సిద్ధరాములు.

"ముందు జాగర్త, బాపు."

బాపుకు కొంతం చౌక్ దగ్గర నూలుకు రంగులేసే కార్ఖానా ఉంది. పెళ్ళికి పోయినా చావుకు పోయినా ఆయన చెప్పేది ఒకటే మాట. బట్ట చినిగితే చినుగుతది గని మా రంగు పోదు.

అమ్మాయి పేరు చంద్రకళ. మేక వాళ్ళ అవ్వ యల్లమ్మది. అవ్వ జారిపడి కాలు విరిగి మంచంలో ఉంది. పక్కింటి సీతాబాయి రోజూ వచ్చి, అంత తెల్ల మేక లోకంలో ఉండదని, ఎక్కడో ఒక నల్ల వెంట్రుక ఉండి తీరాలని దాని ఒళ్ళంతా వెతుకుతోందట.

"అవ్వకు బక్షీస్ అక్కర లేదు," అంది చంద్రకళ. ఈసారి నవ్వలేదు. "సంఘపోళ్ళు మైకుల అనాలె, యల్లమ్మ మేక మొత్తం తెల్లగున్నదని. మంచంల పడ్డకాంచి అవ్వ నన్ను అడిగింది గిదొక్కటే."

'ఒకే రంగు మేకలు' అన్న వర్గంలో రాసుకున్నాను. ఆమె గొడుగు విప్పింది. మళ్ళీ జాతర రోజు దాకా కనిపించదు.

"ముందుగాల ఇంటికొచ్చి తనిఖీ చేసేది ఉంటది," అన్నాను. "పదమూడో నియమం."

"గోడ మీద పన్నెండే ఉన్నయ్ గద."

"ఇప్పుడే కలిపిన."

తనిఖీకి పోయాను. చంద్రకళ గడపలో కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని, బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. చూడకుండానే కత్తెర ఆడిస్తుంటే ఆకులన్నీ ఒక్క కొలతకు తెగుతున్నాయి. రాలిన ముక్కల్ని మేక తింటోంది. నేను మేక మెడ పట్టుకుని, వెంట్రుకలు పాయలు తీసి నల్లది వెతికాను. అంటే సీతాబాయి ఊరికే చేసే పనిని నేను సంఘం తరఫున చేశాను. ఒక్కటీ దొరకలేదు. నిజం చెప్పాలంటే సగం సేపు నేను వెతకనే లేదు.

"మేక గిక్కడున్నది," అంది చంద్రకళ, చాట మీంచి కళ్ళెత్తకుండా.

తర్వాత రెండో తనిఖీ చేశాను. మూడోదీ చేశాను. అప్పుడు మంచంలోంచి యల్లమ్మ అంది, "ఈ పిలగాడు మేకను చూస్తలేడే, చంద్రీ."

"చూపు మందం కావచ్చు, అవ్వా."

నాకు చంద్రకళ అంటే ఇష్టం. ఆమె నన్ను వెక్కిరించడం ఇంకా ఇష్టం. ఆ మాట చెప్పే ధైర్యం లేక నియమాలు పెంచుకుంటూ పోతున్నాను.

జాతర ముందురోజు పొద్దున్నుంచీ ముసురు. పొద్దున ఏడింటికల్లా జంతువులు మైదానంలో ఉండాలని ఇంకొక నియమం, అదీ నాదే. ఘర్కుల్ నుంచి అంత దూరం నడిపిస్తే మేక కడుపు దాకా బురద అవుతుందని చంద్రకళ దిగులు పడింది. నాకు అంతకంటే మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది?

"మా కార్ఖానల కట్టేస్త. మైదానం పక్కకే. పైన కప్పున్నది, ఒక్క చుక్క పడది."

ఆమె మేకనూ నన్నూ మార్చి మార్చి చూసింది. ఎవరిని నమ్మాలో తేల్చుకుంటున్నట్టుంది.

"జాగర్త. అవ్వ పానమంత దీంట్లనే ఉన్నది," అని తాడు నా చేతికిచ్చింది. ఆ తాడు పట్టుకుని ఊరంతా నాదే అన్నట్టు నడిచాను.

కార్ఖానాలో కప్పు కారని ఖాళీ మూల ఒకటి చూసి మేకను కట్టేశాను. అది ఎందుకంత ఖాళీగా ఉందో ఆలోచించలేదు. పైకి చూడలేదు. చూసి ఉంటే, వాన వల్ల బయట ఆరేయలేక, రంగు తొట్టిలోంచి అప్పుడే తీసిన చిలపల్ని, అంటే నూలు కట్టల్ని, బాపు ఆ మూల పైనున్న వెదుళ్ళకు వరసగా వేలాడదీశాడని తెలిసేది. అన్నీ మెరూన్ రంగువి.

పొద్దున్నే పోయి చూస్తే మేక వీపు మీద, మెడ నుంచి తోక దాకా, అడ్డంగా మెరూన్ చారలు. ఎడం కూడా సమానంగా ఉంది. మా గల్లీలో నేసే చద్దర్ ఒకటి లేచి బెబ్బె అన్నట్టుంది.

సబ్బుతో రుద్దాను. సోడాతో రుద్దాను. నిమ్మకాయతో రుద్దాను. వెనక ఎవరో ఉన్నట్టనిపించి చూస్తే బాపు. కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖంలో సంతోషం తప్ప ఇంకేమీ లేదు.

"రుద్దు, రుద్దు," అన్నాడు. "పోదు."

చంద్రకళ మైదానానికి సంచీ భుజాన వేసుకుని వచ్చింది. మధ్యాహ్నం బీడీల పోటీ కూడా ఉంది, అందులోనూ ఆమె పేరుంది. మేకను చూసి నిలబడిపోయింది.

"ఇదెవ్వరి మేక?"

"మీదే."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. వంగి మేక వీపు మీద చెయ్యి పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కింద పడనివ్వలేదు. నేను నేల వైపు చూస్తూ కప్పు, చిలపలు, ముసురు అని ఏదేదో గొణిగాను.

"అవ్వకు ఏం చెప్పాలె నేను?" అంది.

పోటీకి జడ్జి రామచంద్రం గారే. కళ్ళద్దాలు సవరించుకుంటూ వచ్చారు. చారల మేకను చూసి, గోడ మీది నియమాలు చూసి, నన్ను చూశారు. "తడి తెల్లగుడ్డ తేరా. నియమం ఏడు."

రుద్దాల్సింది నేనే. మెల్లగా రుద్దాను. పోటీకి నల్ల మేకను తెచ్చిన పెంటప్ప పక్కనుంచి, "గట్టిగ రుద్దు, నీ సొమ్మేం పోయింది," అన్నాడు. గట్టిగా రుద్దాను. గుడ్డ తెల్లగానే ఉంది.

"చూసిండ్రా?" అన్నాడు మేక వెనకే వచ్చిన బాపు, జనం వైపు తిరిగి. "పోయిందా? పోలే."

"రంగు పోలేదంటే పూసింది కాదు," అన్నారు రామచంద్రం గారు. "పుట్టుకతోని వచ్చింది. మెరూన్, తెలుపు, రెండు రంగులు. ఒకే రంగు వర్గంల చెల్లదు."

రంగు పోతే యల్లమ్మ మోసం చేసినట్టు. పోకపోతే మేక తెల్లది కానట్టు. ఇంత పకడ్బందీగా నియమాలు రాసిన వెధవ ఎవడా అని నాకు నిజంగానే కోపం వచ్చింది. మైకు లాక్కున్నాను.

"ఈ రంగు మాదే," అన్నాను. "మా చిలపల కింద నేనే కట్టేసిన. మేక తెల్లదే. తప్పు నాది."

పెంటప్ప నవ్వాడు. అతను మైకుకు ఎంత దగ్గరగా ఉన్నాడో నేను గమనించలేదు.

"అరె, పోరడు అబద్ధమాడుతుండు. ఆ ఘర్కుల్ పోరి కోసం. రోజు సైకిలేసుకొని గటే పోతడు. అందరికి ఎర్కే."

అది కొంతం చౌక్ దాకా వినిపించిందని తర్వాత చెప్పారు. మా బాపు మొట్టమొదటిసారి మేక మీంచి చూపు తిప్పి నన్ను చూశాడు.

"రంగు మాదే, సాబ్," అన్నాడు మెల్లగా. "మేకను కట్టేసింది మా వాడే."

"మాటలు కాదు, సిద్ధరాములు. గుడ్డతోనే తేలాలె. జడ్జి తీర్పే అంతిమం. రాసింది ఎవరు?"

"నేనే," అన్నాను.

అప్పుడు చంద్రకళ సంచీ విప్పి ఆకు కత్తెర బయటికి తీసింది. మేకను రెండు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, మొదటి చార దగ్గర కత్తెర పెట్టింది.

"ఆగు," అన్నాడు పెంటప్ప. "వెంట్రుకలు కత్తిరించద్దని నియమం లేదా?"

అందరూ నన్ను చూశారు. మరాఠీ పుస్తకంలో ఆ నియమం ఉంది. కానీ ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి నాకు నిద్ర వచ్చి వదిలేశాను. నా బద్ధకం జీవితంలో ఒక్కసారి ఒకరికి పనికొచ్చింది.

"లేదు," అన్నాను ధైర్యంగా.

తునికాకు కోసినట్టే కోసింది. చార వెంట చార రాలిపోయింది. కత్తిరించిన చోటల్లా కింద పొట్టి వెంట్రుకలు పాలలా ఉన్నాయి. రామచంద్రం గారు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, మెడ నుంచి తోక దాకా వేలితో దువ్వి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత మైకు అందుకున్నారు.

"విడీ ఘర్కుల్ యల్లమ్మ మేక. మొత్తం తెల్లగున్నది. ఒక్క నల్ల వెంట్రుక లేదు."

చంద్రకళ కొంగుతో ముఖం తుడుచుకుంది. వాన మళ్ళీ మొదలైంది కాబట్టి అది వానే అని నేను అనుకోవాలని ఆమె కోరిక. నేను అలాగే అనుకున్నాను.

బక్షీస్ మాత్రం పెంటప్ప నల్ల మేకకు పోయింది. ఎలుకలు కొరికిన పరుపులా ఉన్న మేకకు అందాల బహుమతి ఎవరిస్తారు? ఆ తర్వాత రామచంద్రం గారు ఏడో నియమం చదివి, మేకకు రంగు అంటించిన వాసుదేవ్‌ను మూడేళ్ళు బంద్ చేసినట్టు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది బాపు.

"అవ్వకు నువ్వే చెప్పాలె," అంది చంద్రకళ. ఒక గొడుగు కింద ముగ్గురం నడిచాం. గొడుగులో ఎక్కువ భాగం మేకకే దక్కింది.

చాలా దూరం పోయాక అడిగింది. "పెంటప్ప మైకుల ఏమన్నడు?"

"నువ్వు వినలేదా?"

"నువ్వు చెప్పు."

"పోరి కోసం అబద్ధమాడుతుండు అన్నడు."

"ఆడినవా?"

"అబద్ధం ఆడలే."

"మరి పోరి కోసమా?"

"అది నిజమే," అన్నాను. ఈసారి గొంతు కీచుమనలేదు.

గొడుగు మేక మీంచి నా వైపు కొద్దిగా జరిగింది.

యల్లమ్మకు మైకులో అన్న మాటలు అన్నవి అన్నట్టే చెప్పాను. ఆమె మళ్ళీ చెప్పమంది. సీతాబాయిని పిలిపించి, ఆమె ముందు ఇంకోసారి చెప్పించింది. బోడి మేకను పక్కన పడుకోబెట్టుకుని, రాలిపోయిన చారల కథంతా విని, నన్ను మంచం దగ్గరికి రమ్మంది.

"కూసో. నోరు తెరువు."

తెరిచాను.

"తంబాకు తింటవా?"

"లేదు, అవ్వా."

"ఉన్నయ్, పండ్లన్నీ ఉన్నయ్. తల వంచు."

వంచాను. యల్లమ్మ నా జుట్టు పాయలు పాయలుగా తీసి, సీతాబాయి కంటే ఓపికగా, నడినెత్తి నుంచి మెడ దాకా వెతికింది. చంద్రకళ గడప దగ్గర చాటతో ముఖం దాచుకుని నవ్వుతోంది.

"ఒక్క తెల్ల వెంట్రుక లేదు," అంది యల్లమ్మ చివరికి. "మొత్తం నల్లగున్నడు. ఒకే రంగు. చెల్లుతడే, చంద్రీ. రేపు వాళ్ళ బాపును రమ్మను."

"నన్ను అడిగేది లేదా, అవ్వా?" అన్నాను, అది నేనే కదా కోరుకున్నదని తెలిసి కూడా.

చంద్రకళ చాట దించింది.

"జడ్జి తీర్పే అంతిమం," అంది. "పన్నెండో నియమం."

రాసింది నేనే కాబట్టి ఎదురు చెప్పలేదు.