కదలని బొమ్మ, కదిలే గీత

ఫోన్ సిగ్నల్ మీద కెమెరా దృశ్యాలు పంపడం నా ఉద్యోగం. ఇందులో కిటుకు ఒక్కటే: బొమ్మలో మారింది మాత్రమే పంపాలి. గోడ మారదు కాబట్టి గోడను మళ్లీ పంపం. ఏదీ కదలకపోతే, ఎంత పంపుతున్నామో చూపిస్తూ తెర అడుగున ఉండే పచ్చ గీత నేలబారుగా పడుకుంటుంది. ఏదైనా కదిలితే లేస్తుంది.

పాప పుట్టాక నాకు ఆఫీసులో కాలు నిలవడం లేదు. అందుకే దాని గదిలోనూ ఒక సిమ్ కెమెరా బిగించాను.

"అనుమానం పెనుభూతం అంటారు. మీరు దాన్ని గోడకి కూడా తగిలించారు," అని మా ఆవిడ నవ్వింది.

ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. భోజనం చేసొచ్చి తెర ముందు కూర్చున్నాను. పాప ఊయలలో నిద్రపోతోంది. ఫ్యాన్ ఆపి ఉంది, కిటికీ మూసి ఉంది. ఊయల కదలడం లేదు.

గీత లేచింది. పడింది. మళ్లీ లేచింది.

వెలుతురు తగ్గితే బొమ్మలో నలకలు వస్తాయి, వాటికీ గీత వణుకుతుంది. కానీ వణుకుకి లయ ఉండదు. పాప ఊపిరికైతే ఇంత ఎత్తు లేవదు. ఇది రెండేసి సెకన్లకోసారి... ఎవరో ఊయల ఊపుతున్నంత ఎత్తు.

ఇంటికి ఫోన్ చేశాను.

"పాప గదిలోకి వెళ్లు."

"ఇప్పుడే పడుకుందండీ. లేస్తే మీరొచ్చి ఎత్తుకుంటారా?"

"వెళ్లవే!"

తలుపు తెరుచుకుంది. ఆవిడ నడుస్తున్నంతసేపూ గీత పైపైకి ఎగిరింది. ఊయల పక్కన ఆగగానే నేలకి అతుక్కుపోయింది. ఆ లయ లేదు.

"ఎవరూ లేరండీ," అంది ఫోన్లో, గొంతు తగ్గించి.

"పాపని తీసుకుని హాల్లోకి వచ్చెయ్. వీడియో కాల్ చెయ్."

చేసింది. ఫోన్‌ని బల్ల మీద ఆనించి, పాపని భుజాన వేసుకుని నిలబడింది. ఇటు ఖాళీ గది గీత చదునుగా ఉంది. హమ్మయ్య అనుకున్నాను. నా పిరికితనానికి నాకే నవ్వొచ్చింది.

అలవాటుకొద్దీ ఆ వీడియో కాల్ తాలూకు గీత కూడా తెరిచాను.

"ఒక్క నిమిషం కదలకు."

కదల్లేదు. పాప వీపు మీద ఆవిడ చెయ్యి ఉన్నది ఉన్నట్టే ఉంది.

గీత లేచింది. పడింది. లేచింది...

గీత సంగతి నేను ఆవిడకి చెప్పనేలేదు.

"ఏమండీ..." అంది, గుసగుసగా. "పాపని జోకొడుతున్నది నేను కాదు."