మధ్యగదిలో ఊపిరి

బన్సీలాల్‌పేట్‌లో షాహీదా వాళ్ల ఇంటికి స్వర్ణలత మొదటిసారి వెళ్లింది జూన్ చివర్లో, ఒక మంగళవారం పొద్దున. చేతిసంచిలో రెండు తెల్ల డబ్బాలున్నాయి. ఒక్కోటి టిఫిన్ గిన్నెంత ఉంటుంది. ముందువైపు చిన్న తెర, దాని మీద ఒక అంకె.

యూనివర్సిటీలో మూడు విభాగాలు కలిసి ఆ పరిశోధన చేస్తున్నాయి. ఇళ్ల కట్టుబడి చూసేది ఆర్కిటెక్చర్ వాళ్లు, ఊపిరితిత్తుల సంగతి వైద్యులు, గాలి సంగతి పర్యావరణం వాళ్లు. సికింద్రాబాద్ పాత బస్తీల్లో నలభై ఇళ్లు ఎంచుకున్నారు. పర్యావరణంలో పీహెచ్‌డీ చేస్తున్న స్వర్ణలతకు ఆ నలభై ఇళ్లే థీసిస్.

షాహీదా గుమ్మంలోనే మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతోంది. భర్త రియాజ్‌ది బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల వ్యాపారం. ఒక్కతే బిడ్డ, ఏడేళ్ల నాజ్నీన్.

"ఇది మా మాటలు గిట్ల రికార్డు చేస్తదా మేడమ్?" అంది షాహీదా.

"లేదక్కా. మనం వదిలే ఊపిరితో గదిలో గాలి ఎంత చెడిందో చూస్తది, అంతే. బయట గాలిలో నాలుగు వందల ఇరవై చూపిస్తది. తలుపులేసుకుని మనుషులు పడుకుంటే అంకె పెరుగుతది. ఎంతమంది ఉంటే అంత."

ఒక డబ్బా వాళ్లు పడుకునే గదిలో పెట్టింది. పోల్చి చూడటానికి రెండోది మనుషులు వాడని గదిలో ఉండాలి. ఆ ఇంట్లో అలాంటిది మధ్యగది ఒక్కటే. దానికి ఎప్పుడూ తాళం ఉంటుంది. ఇంటి ఓనరు జంగయ్య అల్వాల్ నుంచి తాళంచెవి పట్టుకుని వచ్చాడు. యూనివర్సిటీ కాగితం రెండుసార్లు చదివి, తలుపు తీశాడు.

లోపల కిటికీ లేదు. పైన గాలి గూడుండాల్సిన చోట ఇటుకలు పేర్చి సిమెంటు మెత్తారు. సామానంటే అద్దం బిగించిన చెక్క అల్మారా ఒక్కటే. జంగయ్య గడప దాటలేదు.

"పెట్టి జెల్ది బైటికి రా బిడ్డా," అన్నాడు.

డబ్బాలో చిన్న ఫ్యాను సన్నగా తిరగడం మొదలైంది. జంగయ్య తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, చెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

డబ్బాలు ఐదు నిమిషాలకోసారి అంకెలు పంపుతాయి. స్వర్ణలత యూనివర్సిటీలో కూర్చుని కంప్యూటర్‌లో గీతలుగా చూసుకోవచ్చు. మధ్యగది గీత మూడు రోజులు నాలుగు వందల ముప్పై దగ్గర నేలకు అతుక్కున్నట్టే ఉంది. నాలుగోరోజు ఐదు వందలైంది. వారం తిరిగేసరికి ఏడు వందలు.

ఆమె గైడు ప్రొఫెసర్ బ్రహ్మచారి కళ్లజోడు సర్దుకుని చూశాడు. "పాత గోడలు కదా. తడికి బూజు పట్టి ఉంటుంది. అదీ గాలి వదులుతుంది."

"బూజైతే ఒక్క తీరుగా పెరగాలి కదా సార్? ఇది నాజ్నీన్ బడికి పోయినప్పుడు తగ్గుతోంది. పాప ఇంటికి రాగానే పెరుగుతోంది."

"పక్కగది గాలి సందుల్లోంచి వస్తుందేమో. రాసిపెట్టు. మంచి డేటా అవుతుంది."

స్వర్ణలత రాసిపెట్టింది. రెండో వారంలో, వాళ్లు పడుకునే పక్కగది గీత చూసి మాత్రం ఆమె పెన్ను ఆగిపోయింది. మొదటి రోజుల్లో రియాజ్ మార్కెట్‌కు లేచే వేళకు ఆ గదిలో పద్దెనిమిది వందల దాకా ఎక్కేది. ఇప్పుడు పదిహేను వందల దగ్గరే ఆగిపోతోంది. ప్రతిరోజూ అంతే. ఇద్దరు పెద్దవాళ్లకు సరిపోయే లెక్క. మూడో మనిషి లెక్క ఎటో పోయింది.

షాహీదాకు ఫోన్ చేసింది. "అక్కా, ఈ మధ్య నాజ్నీన్ వేరే ఎక్కడన్నా పడుకుంటోందా?"

"ఎక్కడ పడుకుంటది మేడమ్? మా ఇద్దరి నడుమనే. ఎందుకడుగుతున్నరు?"

స్వర్ణలత ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లింది. నాజ్నీన్ మెట్ల మీద కూర్చుని హోంవర్క్ రాసుకుంటోంది. చూడటానికి బాగానే ఉంది. కాస్త తెల్లబడింది, అంతే.

"పిల్ల గమ్మునైపోయింది మేడమ్," అంది షాహీదా గొంతు తగ్గించి. "మునుపు గల్లీ అంతా ఉరుకుడే. దర్గా కాడ తాయెత్తు సుత కట్టించిన."

వేడి పాల గ్లాసు తెచ్చి కూతురి చేతిలో పెట్టింది. నాజ్నీన్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని, బుగ్గలు పూరించి ఊదింది.

పాల మీద మీగడ కదల్లేదు.

ఇంకోసారి ఊదింది. పెదాలు సున్నాలా చుట్టుకున్నాయి, బుగ్గలు లోపలికి పోయాయి. మీగడ అలాగే ఉంది. పాలలోంచి లేచే ఆవిరి కూడా పక్కకు వంగలేదు. తిన్నగా పైకే పోతోంది.

షాహీదా చూడలేదు. స్వర్ణలత చూసింది.

మర్నాడు మధ్యాహ్నం అల్వాల్ వెళ్లింది. జంగయ్య వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. తాళంచెవి అడగ్గానే పేపరు మడిచాడు.

"ముప్పై ఏండ్లైంది బిడ్డా, ఆ గదికి గాలి పోక. మా నాయిన దగ్గరుండి గూడు మూయించిండు. ఎందుకే అని అడిగితే చెప్పకపోయె. తలుపు మాత్రం తెర్వకురా అన్నడు."

"మరి నేనడిగితే ఎందుకు తెరిచిండ్రు?"

"ముద్ర ఏసిన కాయితం తెస్తివి. సదువుకున్నోళ్లు అడుగుతున్నరు, ఇంకేం భయమనుకున్న." లేచి లోపలికి పోయి తాళంచెవి తెచ్చాడు. ఆమె చేతికివ్వలేదు, అరుగు మీద పెట్టాడు. "నేను రాను. నన్ను రమ్మనకు."

స్వర్ణలత బన్సీలాల్‌పేట్ చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. వాన పట్టుకుంది. పట్టపగలే గల్లీలో దీపాలు వేసుకున్నారు. బడికి సెలవని నాజ్నీన్ ఇంట్లోనే ఉంది.

"అక్కా, పిల్లను తీసుకుని పక్కింట్లోకి పోండి. నేను పిలిచేదాకా రావద్దు."

"ఏమైంది మేడమ్? జెర చెప్పుండ్రి..."

"చెప్తా. ముందు పోండి."

తాళం తేలిగ్గానే వచ్చింది. తలుపే రాలేదు. లోపలి నుంచి ఎవరో లాగి పట్టుకున్నట్టు కాదు... గదంతా ఒక్కసారి గాలి పీల్చుకుంటే తలుపు దానికి అంటుకున్నట్టు. భుజంతో నెట్టింది. మెల్లగా, చాలా మెల్లగా, పట్టు వదిలింది.

వెచ్చగా ఏదో మొహానికి తగిలింది.

బూజు వాసన కాదు. సున్నం వాసన కాదు. పాలు తాగి పడుకున్న పసిపిల్ల మొహం దగ్గరకు వంగితే వచ్చే వాసన.

ఫోన్ లైటు వేసింది. గది ఖాళీ. నాలుగు గోడలు, అల్మారా, మూలన డబ్బా. డబ్బా తెర మీద పదకొండు వందల ఎనభై. అల్మారా అద్దం నిండా ఆవిరి. చూస్తుండగానే ఆ ఆవిరి తగ్గింది. మళ్లీ కమ్ముకుంది. తగ్గింది. కమ్ముకుంది...

పక్కింట్లోంచి నాజ్నీన్ దగ్గు వినిపించింది.

అద్దం మీద ఆవిరి టక్కున చెదిరింది. పిల్ల దగ్గిన లెక్కనే. రెండుసార్లు.

స్వర్ణలత అరవాలనుకుంది. నోరు తెరిచింది. గొంతులోంచి శబ్దం రాలేదు గానీ, లోపలి నుంచి పొడుగ్గా ఏదో జారి బయటికి పోయినట్టైంది. ఎంతసేపు పోయిందో తెలియదు. కాళ్లు కదిలాక వెనక్కి, గడప అవతలికి పడింది. తలుపు లాగి తాళం వేసింది. డబ్బా లోపలే ఉండిపోయింది.

రియాజ్ వచ్చాక పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరు వేలికి క్లిప్పు పెట్టాడు, స్టెతస్కోపు పెట్టాడు, ఎక్స్‌రే తీయించాడు. ఆక్సిజన్ తొంభై తొమ్మిది. ఊపిరితిత్తులు శుభ్రం.

"పిల్ల బాగుందమ్మా. మీరే పరేషాన్ అయితున్నరు," అన్నాడు.

పాల మీద మీగడ సంగతి స్వర్ణలత చెప్పబోయింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది. చెప్తే ఆయనేం రాస్తాడు, ఏ మందు రాస్తాడు?

ఆ రాత్రికి రాత్రే రియాజ్ సామాను ట్రాలీ ఆటోలో వేశాడు. బోయిన్‌పల్లిలో షాహీదా అన్న ఇంట్లో రెండు గదులిచ్చారు. స్వర్ణలత బ్రహ్మచారి సారుకు ఫోన్ చేసి ఏడుస్తూ అంతా చెప్పింది. ఆయన, "ఆ ఇంటిని లిస్టులోంచి తీసెయ్. ముప్పై తొమ్మిది చాలు," అన్నాడు.

నాలుగు రోజులాగి స్వర్ణలత కొత్త డబ్బా ఒకటి తీసుకుని బోయిన్‌పల్లి వెళ్లింది. ఇల్లు మారారు కాబట్టి అంతా సర్దుకునే ఉంటుందని ఆమె ఆశ. తలుపు, కిటికీ వేసి, ఫ్యాను ఆపి, చిన్నగదిలో నాజ్నీన్‌ను చాప మీద కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది. బయట షాహీదా తలుపుకు చెవి ఆనించి నిలబడింది.

పిల్ల బొమ్మల పుస్తకం తిరగేస్తోంది. ఛాతీ చక్కగా లేస్తోంది, పడుతోంది.

పది నిమిషాలు. నాలుగు వందల ఇరవై ఒకటి.

ఇరవై నిమిషాలు. నాలుగు వందల ఇరవై ఒకటి.

నలభై నిమిషాలు. ఉక్కకు స్వర్ణలత జాకెట్ వీపుకు అతుక్కుంది. నాలుగు వందల ఇరవై ఒకటే.

పిల్ల ఊపిరి ఇంకా ఆ మధ్యగదిలోనే ఉందన్నమాట. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ మాట ఆ తల్లికి ఎలా చెప్పాలా అని తలుపు వైపు చూసింది. చూస్తూ చూస్తూ అలాగే బిగుసుకుపోయింది.

గదిలో పిల్ల ఒక్కతే లేదు. నలభై నిమిషాలుగా తనూ ఉంది.

లేచి తలుపు తీసింది. "అక్కా... దీని మీద జెర ఊదు."

షాహీదా అర్థంకాక చూసి, వంగి ఊదింది. కాసేపటికి అంకె పరుగెత్తింది. ఎనిమిది వందలు... పద్నాలుగు వందలు... రెండు వేలు. డబ్బా బాగానే ఉంది.

అంకె మళ్లీ దిగేదాకా స్వర్ణలత ఆగింది. రెండు చేతులతో డబ్బా పట్టుకుని, నోటికి ఆనించి, కడుపు లోపలి నుంచి ఊదింది.

నాలుగు వందల ఇరవై ఒకటి.

మళ్లీ ఊదింది. మళ్లీ... మళ్లీ...

"ఏమైంది మేడమ్? ఏం చూపిస్తుంది?" షాహీదా స్వర్ణలత భుజం పట్టి కుదుపుతోంది.

నాజ్నీన్ చాప మీంచి లేచి వచ్చింది. అమ్మకు వినపడకుండా, స్వర్ణలత చెయ్యి పట్టి కిందికి వంచి, చెవిలో చెప్పింది. అంత దగ్గరగా చెప్పినా చెవికి వెచ్చదనం తగల్లేదు.

"భయపడకు అక్కా. మొదట్లనే గిట్లుంటది. ఆ గదిల ఉన్నోళ్లందరు మంచిగనే చూసుకుంటరు."