షబ్దాన్ కొట్లో మింగుడు దెయ్యం

మంచుకొండల నడుమ ఉన్న నారీన్ ఊళ్ళో, బజారు వెనకాల, కాలిపోయిన పాత సినిమాహాలు కింద, నేలమాళిగలో ఒక జిరాక్సు కొట్టు ఉండేది. చీకటి పడ్డాక అటు వెళ్ళొద్దని ఊళ్ళో పిల్లా పెద్దా అందరూ చెప్పేవారు. అక్కడి కంప్యూటరుకి పెన్‌డ్రైవ్ పెడితే చాలట... లోపలున్నదంతా దెయ్యం మింగేస్తుందట.

ఒకాయన పెళ్ళి ఫొటోలు అలాగే పోయాయి. హాలు తగలబడినప్పుడు లోపల చిక్కుకుపోయిన ముసలి ఆపరేటరు లేడూ — బొమ్మలంటే ప్రాణమిచ్చేవాడు — వాడే ఇంకా జనం బొమ్మలన్నీ పోగేసుకుంటున్నాడని చెప్పుకునేవారు.

రొట్టెలు కాల్చి అమ్మే బురుల్సున్ ఈ కబుర్లు విని పడీ పడీ నవ్వేది. కానీ ఆ డిసెంబరు సాయంత్రం ఆమెకు నవ్వు రాలేదు. మర్నాడు తల్లి సంవత్సరీకం. వచ్చే చుట్టాలకు అమ్మ పాడిన జోలపాట వినిపించాలని ఆమె పట్టుదల. రికార్డు చేసిన ఫోను ఏట్లో పడిపోయింది. ఇక మిగిలింది పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఆ ఒక్క పాటే. ఇంట్లో పాత ప్లేయరులో వినిపించాలంటే దాన్ని సీడీ మీదికి ఎక్కించాలి. ఆ పని చేసే మిగతా కొట్లన్నీ మంచుకు తలుపులు బిగించుకున్నాయి.

మెట్లు దిగింది. దిష్టి పోవడానికి వేసే అర్చా చెట్టు కొమ్మల పొగ గుప్పుమంది.

"గట్టిగా మాట్లాడకు చెల్లెమ్మా..." కొట్టు యజమాని షబ్దాన్ గుసగుసగా అన్నాడు. "వాడు వింటాడు."

"ఎవడు, అన్నా?"

షబ్దాన్ కంప్యూటరు వైపు కళ్ళతోనే చూపించాడు. "భయపడకు. నా దగ్గర మందుంది."

జేబులోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీశాడు. దానికి నీలం దిష్టిపూస కట్టి ఉంది. అందులో వైరస్‌లను చంపే ప్రోగ్రాం ఉందట. ఊళ్ళో ఏ కంప్యూటరు మూలిగినా షబ్దాన్ దీన్నే పట్టుకుని పరిగెత్తేవాడు. ముందు మందు గుచ్చాడు. పొగ మూడుసార్లు తిప్పాడు. అప్పుడు బురుల్సున్ పెన్‌డ్రైవ్ పెట్టాడు.

తెర మీద ఒకే ఫోల్డరు. పేరు 'అమ్మ'.

నొక్కాడు... ఏమీ రాలేదు.

మళ్ళీ నొక్కాడు... ఏమీ లేదు.

"మింగేశాడు," అన్నాడు షబ్దాన్.

బురుల్సున్‌కి తల్లి పోయిన రోజు చుట్టాల హడావుడిలో రాని ఏడుపు ఇప్పుడు ముంచుకొచ్చింది. షబ్దాన్ ఫోను అడిగి తీసుకుని సెజిమ్‌ని పిలిచింది. సెజిమ్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది, చిన్నప్పటి నుంచీ బురుల్సున్‌కి స్నేహితురాలు.

సెజిమ్ బూట్ల మంచు దులుపుకుంటూ దిగింది. "ఆపవే, నీ ఏడుపుకి కీబోర్డు నానిపోయేలా ఉంది. ఏదీ, లే."

కాసేపు తెరలోకి చూసి నవ్వింది.

"దెయ్యాల్లోనూ రకాలుంటాయన్నా. వైరస్ ఇంకో ఫైలు ఒంటిని పట్టుకుని బతుకుతుంది. ట్రోజన్ మంచి చుట్టంలా తలుపు కొట్టి లోపలికొస్తుంది. ఇంకోటుంది — నీ ఇంటికే తాళం వేసి, డబ్బిస్తేనే తీస్తానంటుంది. నీ దగ్గరున్నవాడు వర్మ్, అంటే పురుగు. పెన్‌డ్రైవ్ కనబడితే చాలు, ఎక్కేస్తాడు."

"ఎక్కి మింగేస్తాడా?" బురుల్సున్ అడిగింది.

"మింగడే, దాచేస్తాడు. అసలు ఫోల్డరుని కనబడకుండా చేసి, అదే పేరుతో దొంగ తలుపు పెడతాడు. అది నొక్కినప్పుడల్లా వాడికి పండగ."

"నేను రెండుసార్లు నొక్కానే!" షబ్దాన్ తల పట్టుకున్నాడు. "ఐనా ఊరంతా ఎలా తిరుగుతున్నాడమ్మా వాడు?"

సెజిమ్ దిష్టిపూస పట్టుకుని పెన్‌డ్రైవ్ పైకెత్తింది. "ఇదిగో వాడి గుర్రం. కళ్ళెం నీ చేతిలోనే ఉంది."

"పూస కట్టానే!"

"పూస బాగానే ఉందిలే అన్నా, దానికేం దిష్టి తగల్లేదు."

ఆదేశాలు కొట్టే నల్లటి తెర ఒకటి తెరిచి సెజిమ్ ఒక్క వరుస కొట్టింది. దొంగ తలుపు పోయింది. దాక్కున్న 'అమ్మ' బయటికొచ్చింది... స్పీకర్లలోంచి జోలపాట మొదలైంది. బురుల్సున్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పాట అయిపోయింది. ఇంటి దగ్గర ఫోనులో వినేటప్పుడు బురుల్సున్ ఎప్పుడూ అక్కడే ఆపేసేది, అంతకు మించి వినే ధైర్యం లేక. ఈసారి ఎవరూ ఆపలేదు. కాసేపు గరగర... ఆ తర్వాత అమ్మ గొంతు —

"బురుల్... ఇంకా ఆ పెట్టె ముందేనా? కట్టేయవే, కళ్ళు పోతాయ్."

టప్‌మని చీకటి!

షబ్దాన్ కెవ్వుమన్నాడు. ఇంతలో పైనుంచి ఎవరో అరిచారు — "వీధంతా కరెంటు పోయిందర్రా!" ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఆగాక... కరెంటు లేని స్పీకర్లలోంచి, మెల్లగా —

"చాయ్ తాగావా?"

సెజిమ్ చీకట్లో బురుల్సున్ చెయ్యి పట్టుకుంది.

"లేదమ్మా..." అంది బురుల్సున్. "వెళ్ళి తాగుతా."

స్పీకర్లలో ఇంకా కాస్త కరెంటు మిగిలి ఉంటుందని సెజిమ్ దారి పొడుగునా చెబుతూనే ఉంది. కానీ బురుల్సున్ చెయ్యి మాత్రం వదల్లేదు.

మర్నాడు సెజిమ్ ల్యాప్‌టాప్‌లో చుట్టాలంతా పాట విన్నారు. 'కళ్ళు పోతాయ్' అన్నచోట ఏడుస్తూనే నవ్వారు. బురుల్సున్ ముందుకు వంగి ఎదురుచూసింది. రికార్డు అక్కడితో అయిపోయింది. మళ్ళీ పెట్టించింది. తర్వాత ఇంకేమీ లేదు.

ఆమె లేచి, అమ్మ కూర్చునే చోట ఒక పియాలా, అదే పిడి లేని చాయ్ గిన్నె, పెట్టి చాయ్ పోసింది. వాళ్ళ ఊళ్ళో ఇంటికొచ్చినవాళ్ళకి చాయ్ నిండా పోస్తే ఇక వెళ్ళిరమ్మని అర్థం... అందుకని సగమే పోసింది.